హాల్ టికెట్ దాచక్కర్లేదు, నిద్ర లేపకపోతే చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒకే గదిలో ఉంటారు, ప్రాణ స్నేహితులు. కథ చెప్పేవాడు గాంధీ రోడ్డులో బట్టల కొట్టు నడిపే ఆయన కొడుకు. ఇంట్లో ఉంటే చదవడని ఊళ్ళోనే హాస్టల్లో వేశారు. రెండోవాడు బంగారుపాళెం దగ్గర మామిడి రైతు బిడ్డ, పదో తరగతి మార్కుల వల్ల ఫీజు రాయితీతో చేరాడు. పబ్లిక్ పరీక్ష రోజు కథకుడు తన స్నేహితుడి హాల్ టికెట్ దాచేస్తాడు. నవల ప్రతి చదివినవాళ్ళు "అంత మంచి ఫ్రెండు అట్లా ఎందుకు చేస్తాడు, నమ్మబుద్ధి కాలేదు" అన్నారు. ఒకరైతే "అమ్మాయిలైతే నమ్మేవాళ్ళం" అన్నారు. అందుకని ఇద్దరి మధ్య ఒక అమ్మాయిని తేవాలా, లేక కథకుడి తండ్రిని బెల్టుతో కొట్టేవాడిగా మార్చాలా అని మీరు అడుగుతున్నారు.

రెండూ వద్దు. ఆ రెండిట్లో ఏది చేసినా మీ నవలలో ఉన్న అసలు బలం పోతుంది.

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మధ్యలో హాస్టల్ బాధ్యత కూడా చూశాను. ఇప్పుడు కొత్తగా రాస్తున్నవాళ్ళ ప్రతులు చదివి నాకు తోచింది చెబుతుంటాను. పదహారు, పదిహేడేళ్ళ స్నేహాల మీద మన దగ్గర రావలసినన్ని నవలలు రాలేదని నాకు బలంగా అనిపిస్తుంది. ప్రేమలు రాస్తాం, ర్యాంకుల ఒత్తిడి రాస్తాం, ఆత్మహత్యలు కూడా రాస్తాం. పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి ఇష్టపడుతూనే వాడు ఒక మెట్టు దిగితే బాగుండునని కోరుకునే కుర్రాణ్ణి మాత్రం రాయం. మీరు వాడి దాకా వచ్చారు. ఇప్పుడు వెనక్కి పోయి ఒక అమ్మాయిని అడ్డం పెట్టకండి.

మీ పాఠకులు అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. అంత మంచి ఫ్రెండు కాబట్టే చేశాడు. పక్క సెక్షన్లో ఎవడో ముఖం తెలియనివాడికి ఫస్టు వస్తే మీ కథకుడికి ఏమీ కాదు, గోడ మీద అతికించిన లిస్టులో అదొక పేరంతే. తనతో కలిసి ఒకే ప్లేటులో తిన్నవాడికి, తనలాగే చదివినవాడికి, తన నోట్సే చూసి రాసినవాడికి వస్తేనే "మరి నాకేమైంది?" అనే ప్రశ్న పుడుతుంది. అమెరికాలో అబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరుడితో కలిసి 1980లో ఒక ప్రయోగం ప్రచురించాడు. పాల్గొన్నవాళ్ళు ఒక మాట మనసులో పెట్టుకుని, అవతలివాడు దాన్ని కనిపెట్టేలా ఆధారాలు ఇవ్వాలి. తేలికైన ఆధారం ఇవ్వాలా, కష్టమైనది ఇవ్వాలా అన్నది వాళ్ళ ఇష్టం. ఇది ఉత్త ఆట అని చెప్పినప్పుడు స్నేహితుడికి తేలికైనవి ఇచ్చారు, కొత్తవాడికి కష్టమైనవి ఇచ్చారు. ఇది మీ తెలివికి పరీక్ష అని చెప్పినప్పుడు తలకిందులైంది. కొత్తవాడి కంటే స్నేహితుడికే కష్టమైన ఆధారాలు ఇచ్చారు. వాళ్ళలో దుర్మార్గులు ఎవరూ లేరు, మామూలు కాలేజీ పిల్లలు. ఏ విషయంలో మన విలువ తేలుతుందని అనుకుంటామో అందులో దగ్గరివాడి గెలుపే ఎక్కువ గుచ్చుకుంటుంది. మీ హాస్టల్లో పొద్దున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా ప్రతిదీ తెలివికి పరీక్షే కదా. ఇంకేం కారణం కావాలి మీకు?

ఇంత దూరం పోనక్కర్లేదంటే ఆదిపర్వం తీయండి. చిన్నప్పుడు కౌరవులు పండ్లకోసం చెట్టెక్కితే భీముడు కింద నిలబడి చెట్టును ఊపేవాడు, పండ్లతో పాటు వాళ్ళూ రాలిపడేవాళ్ళు. నీళ్ళలో ముంచి పట్టుకునేవాడు. వాడికది ఆట. పడ్డవాళ్ళకు కాదు. తర్వాత దుర్యోధనుడు గంగ ఒడ్డున ప్రమాణకోటిలో జలక్రీడ ఏర్పాటు చేసి, విషం కలిపిన తిండిని తన చేత్తో, అన్నదమ్ముడిలా, స్నేహితుడిలా దగ్గర కూర్చుని తినిపించాడు. నేను మీకు చూపించాలనుకున్నది ఈ తినిపించడమే. ఈ వయసు క్రూరత్వం పైకి శత్రుత్వంలా కనిపించదు. స్నేహంలో రోజూ చేసే పనుల్లోంచే వస్తుంది. తినిపించడం, నోట్సు ఇవ్వడం, రహస్యం వినడం, నిద్ర లేపడం. ఇంకొక సంగతి కూడా గమనించండి. అవతల భీముడు అమాయకుడేమీ కాదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు హాల్ టికెట్ సంగతి. ముందు ఒక లౌకికమైన చిక్కుంది. ఇంటర్ బోర్డు హాల్ టికెట్లను పిల్లలే వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. 2025లో వాట్సాప్ ద్వారా కూడా ఇచ్చారు. మీ కథ ఈ కాలంలో జరుగుతోంది కాబట్టి హాల్ టికెట్ పోయినవాడు ఏడుస్తూ కూర్చోడు, నెట్ సెంటరుకు పోయి ఇంకో కాపీ తెచ్చుకుంటాడు. చిత్తూరు జిల్లాలో ఏ ఇంటర్ కుర్రాడు చదివినా మీ నవలను అక్కడే మూసేస్తాడు.

అంతకంటే పెద్ద చిక్కు, అది నేరం. కాగితం వెతికి, తీసి, మడిచి, దాచిపెట్టాలి. ప్రతి అడుగులోనూ వాడు ఆగిపోవచ్చు, కానీ ఆగలేదు. పాఠకుడు అక్కడ తీర్పు చెప్పేసి ఒడ్డున నిలబడిపోతాడు. "నేనైతే అట్లా చెయ్యను" అనుకుంటాడు, నిజమే, చెయ్యడు. మీకు కావలసింది పాఠకుడు "ఇది నేను కూడా చేసుంటాను" అని గుండెలో ఉలిక్కిపడే పని. దానికి పని చాలా చిన్నదై ఉండాలి. చెయ్యడం కంటే చెయ్యకపోవడమైతే ఇంకా మంచిది.

మీ మూడో అధ్యాయంలో ఒక బంగారం లాంటి వివరం రాసి వదిలేశారు. హాస్టల్లో ఫోన్లు ఉండవు. కథకుడికి వాళ్ళ నాన్న కొనిచ్చిన అలారం వాచీ ఉంది. స్నేహితుడికి మొద్దునిద్ర. రోజూ తెల్లవారుజామున వాణ్ణి లేపేది కథకుడే. నవల మొత్తం ఈ వాచీ మీద నిలబెట్టవచ్చు. రెండో ఏడాది సెక్షన్లు వేసే పరీక్ష రేపనగా, స్నేహితుడు "నాలుక్కి లేపరా" అని పడుకుంటాడు. తర్వాత నేనైతే ఇట్లా రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి.

"వాచీ మోగింది. రెండోసారి కూయకముందే నొక్కేసినాను. వాడు గోడ పక్కకి తిరిగి పడుకోనుండాడు, దుప్పటి కాళ్ళ దగ్గరికి జారిపోయింది. ఆర్గానిక్ ఇంగోసారి తిరగెయ్యాలని రాత్రి రెండుసార్లు చెప్పినాడు. బాత్రూంకి పొయ్యొచ్చినాను. మొహం కడుక్కున్నాను. పుస్తకం తీసుకొని వరండాలోకి పోతా తలుపు దగ్గరికి వేసినాను, చప్పుడు కాకుండా."

ఇందులో అసూయ అన్న మాట లేదు. వాడి మనసులో ఏముందో నేను చెప్పలేదు, వాడికీ తెలియదు. మొహం కడుక్కునేంతవరకు "ఇప్పుడు లేపుతాలే" అనే అనుకుంటూ ఉండవచ్చు. తలుపు చప్పుడు కాకుండా వేసినప్పుడు మాత్రం చెయ్యికి తెలిసింది. పాఠకుడికీ అక్కడే తెలుస్తుంది. మీ ప్రతిలో ఇదే చోట ఒకటిన్నర పేజీ "నాలో ఈర్ష్య అగ్నిపర్వతంలా రగిలింది" అని నడిచింది. అది మొత్తం తీసేయండి. ఈ వయసు పిల్లలు తమ అసూయకు పేరు పెట్టుకోరు. "వాడి పోజు ఎక్కువైంది" అంటారు, "సార్ వాడికే చెప్తాడు" అంటారు, "తలనొప్పిగా ఉండింది, మర్చిపోయినా" అంటారు.

ఆరింటికి స్నేహితుడు ఉలిక్కిపడి లేచి పరిగెత్తుకొస్తాడు. అప్పుడు కథకుడి నోట్లోంచి ఒక మాట వస్తుంది: "లేపినాను రా, నువ్వే లెయ్యలా."

మీ నవలలో అసలు క్రూరత్వం ఇదే. లేపకపోవడాన్ని బద్ధకమనో మరుపనో అనుకోవచ్చు. ఈ మాట అట్లా కాదు. జరిగిన తప్పు తనదేనని ఎదుటివాణ్ణి నమ్మించింది. వాడు నమ్ముతాడు, ఎందుకంటే వాడికి మొద్దునిద్ర అన్నది నిజం, పైగా చెప్పింది స్నేహితుడు. నమ్మి, ఏమంటాడు? "సారీ రా, నా నిద్ర తగలెయ్య" అంటాడు. దెబ్బ తిన్నవాడు కొట్టినవాడికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ పూట కథకుడు టిఫిన్ తినగలిగాడా లేదా, అది రాయండి. నా ఉద్దేశంలో మామూలుగానే తిన్నాడు, రెండో ఇడ్లీ వాడికే పెట్టాడు కూడా.

దీని పర్యవసానం ఒక్కసారిగా రాకూడదు. రెండు గంటల చదువు పోతే పోయేది నాలుగైదు మార్కులు. కానీ మీరు రాసిన కాలేజీలో పై సెక్షనుకూ కింది సెక్షనుకూ మధ్య తేడా నాలుగైదు మార్కులే. కింది సెక్షనుకు పోతే ఫీజు రాయితీ పోతుంది. ఫీజు మొదటి విడత కట్టాల్సింది జూన్‌లో. వాళ్ళ నాన్న తోతాపురి కాయలు ట్రాక్టరుకెత్తి గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో నిలబడేదీ అప్పుడే. 2025 సీజను మీకు గుర్తుండే ఉంటుంది, ధర అంతగా పడిపోతే ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వంతుగా ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. మీ కథను ఆ వేసవిలో పెట్టండి. రెండు గంటల నిద్ర, నాలుగు మార్కులు, ఒక సెక్షను, ఒక రాయితీ, ఫ్యాక్టరీ గేటు ముందు ఎండకు మగ్గిపోతున్న కాయలు. కథకుడు వీటిలో ఒక్కటి కూడా కోరుకోలేదు. వాడు కోరుకున్నది ఆ ఒక్క ఆదివారం లిస్టులో తన పేరు పైన ఉండాలని. పిల్లలు చేసే క్రూరత్వానికీ దాని ఫలితానికీ కొలతలు కలవవు. మీ నవలకు పెద్దరికం తెచ్చేది ఆ తేడాయే. కొట్టే తండ్రిని తెస్తే ఇదంతా "పాపం, వాడి పెంపకం అట్లాంటిది" అనే సానుభూతి కింద కప్పబడిపోతుంది.

లేపకపోవడానికి ముందు పాఠకుడికి ఒక హెచ్చరిక కావాలి. మీరు రాసిన తిరుమల కాలినడక అధ్యాయం అందుకు సరిపోతుంది, ఇప్పుడది ఊరి వర్ణనగా మిగిలిపోయింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. కథకుడు మనసులోనే పందెం పెట్టుకుంటాడు, స్నేహితుడికి పందెం ఉన్నట్టే తెలియదు. వాడు గాలిగోపురం దగ్గర ఆగి నిమ్మకాయ సోడా కొనుక్కుని, ఇంకోటి వీడికోసం పట్టుకుని నిలబడతాడు. వీడు ఆయాసపడుతూ వచ్చి ఆ సోడా తాగుతాడు. ఓడిపోయినవాడికి గెలిచినవాడు, గెలిచానని కూడా తెలియకుండా ఇచ్చిన సోడా. అసూయపడేవాడికి అంతకంటే కష్టమైన తాగుడు ఉండదు. ఆ సన్నివేశంలో గొడవ పెట్టకండి.

ఇక ఆ స్నేహితుడి గురించి. వాణ్ణి మరీ దేవుణ్ణి చేశారు. అడగకుండానే నోట్సు ఇస్తాడు, అబద్ధమాడడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. ఇందాక భీముడి సంగతి చెప్పింది ఇందుకే. మీ మామిడి రైతు బిడ్డ కూడా తెలియకుండా చెట్టు ఊపాలి. లెక్క రాక తల పట్టుకున్న కథకుడి భుజం మీంచి తొంగి చూసి "ఇది ఈజీ కదరా" అంటాడు. వాడు అన్నది నిజం, మనసులో చెడు లేదు, అయినా అది దెబ్బే. కథకుడి ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఈ పిల్లాడి మార్కులు అడిగి, కొడుకు వైపు చూస్తాడు. స్నేహితుడు ఆ చూపు గమనించి కూడా సంతోషపడతాడు, ఒక్క క్షణం. ఆ క్షణం వాడికి ఇవ్వండి. తెలివి ఒక్కటే ఆస్తిగా ఉన్నవాడికి ఆ మాత్రం పొగరు ఉండడం న్యాయం కూడా. అప్పుడు పాఠకుడికి ఇద్దరిలో ఎవరి పక్షాన నిలబడాలో తేలిగ్గా తెలియదు.

తిరుపతిలో పుట్టిన నవల కాబట్టి మీ చేతిలో ఇంకో గొప్ప అవకాశం ఉంది, ఎందుకు వాడుకోలేదో నాకు అర్థం కాలేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొక వేషం వేసి మొక్కు తీర్చుకుంటారు. తోటి వేషం రోజున ఒంటికి బొగ్గుపొడి పూసుకుని వీధుల్లో బూతులు తిడతారు, తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఆ తిట్టు అమ్మవారి సేవలో భాగం. మీ కథకుడిది ఊళ్ళో కుటుంబం, వాళ్ళమ్మ మొక్కుకుని ఉండవచ్చు, వాడితో తోటి వేషం వేయించండి. స్నేహితుడు చూడడానికి వస్తాడు. సెక్షన్ల లిస్టు అప్పటికే వచ్చింది. తన కూతవేటు దూరంలో నిలబడి నవ్వుతున్న స్నేహితుణ్ణి చూసి, మొహం నిండా బొగ్గుతో ఉన్న కథకుడు పదిమందిలో అరుస్తాడు: "తాళి తాకట్టు పెట్టి చదివేటోడా!"

వాళ్ళమ్మ తాళి బ్యాంకులో ఉందన్న సంగతి స్నేహితుడు ఒక రాత్రి లైట్లు ఆర్పాక వీడొక్కడికే చెప్పుకున్నాడు. వీధి మొత్తం నవ్వుతుంది, అది జాతర తిట్టే అనుకుంటుంది. స్నేహితుడు కూడా నవ్వుతాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా. మర్నాడు వీడు "జాతరలో అన్న మాట రా, మనసులో పెట్టుకుంటావా" అనవచ్చు. అనడానికి వీలుంది, అదే భయంకరం. పెద్దవాళ్ళు కట్టుబాటు కోసం ఇచ్చిన స్వేచ్ఛను ఒక కుర్రాడు తన సొంత కక్షకు వాడుకున్నాడు. జాతరను చెడ్డగా చూపించకుండా జాగ్రత్తపడండి. ఆచారంలో దోషం లేదు, దాని చాటున దాక్కున్నవాడిలో ఉంది. వాచీ దగ్గర వాడికి ఉన్న సందేహపు లాభం ఇక్కడ పోతుంది. మొదటిది చెయ్యి చేసింది, రెండోది వాడే చేశాడు. ఈ వరుస మార్చకండి. మనం ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళ మీద కోపం ఇంకా పెరుగుతుంది, వాళ్ళను చూసినప్పుడల్లా మన పని గుర్తొస్తుంది కాబట్టి. జాతరలో వచ్చిన కోపం అదే.

"అమ్మాయిలైతే నమ్మేవాళ్ళం" అన్న పాఠకుడి మాటకు విలువ ఇవ్వకండి. మాట్లాడకుండా ఉండడం, వెలివేయడం, రహస్యం బయటపెట్టడం లాంటివి ఆడపిల్లల పనులని మనలో గట్టి నమ్మకం. 148 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2008లో వచ్చింది. ఇట్లాంటి చాటుమాటు దెబ్బల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఉన్న తేడా లెక్కలోకి తీసుకోలేనంత చిన్నదని తేలింది. హాస్టల్ చూసినవాడిగా నేనూ అదే చెబుతాను. మగపిల్లలు దాన్ని తమాషా అంటారు, అంతే తేడా.

చివరి అధ్యాయం. పదిహేనేళ్ళ తర్వాత రేణిగుంట స్టేషన్లో ఇద్దరూ కలుసుకోవడం, కథకుడు ఏడవడం, స్నేహితుడు కౌగిలించుకుని "వదిలెయ్ రా" అనడం. కలుసుకోనివ్వండి, స్టేషన్ కూడా ఉంచండి. కానీ స్నేహితుడికి నిజం తెలియదు కదా. ఈ పదిహేనేళ్ళూ వాడు తన కథను తనకు ఎట్లా చెప్పుకున్నాడో ఆలోచించండి. పక్కనున్న కొడుకును చూపించి, "వీడికి రోజూ చెప్తాను, నిద్ర వల్లే నా చదువు పాడైందని. ఈయన లేపినాడు, నేనే లెయ్యలా" అంటాడు. కథకుడు ఆరోజు అనాలోచితంగా అన్న నాలుగు ముక్కలు ఒక మనిషి తన గురించి తన పిల్లవాడికి చెప్పే చరిత్రగా మారాయి. ఇక్కడ నిజం చెప్పించాలా వద్దా అంటే, చెప్పించమనే అంటాను. మౌనంగా రైలెక్కించేస్తే వాడు మూడోసారి కూడా తప్పించుకున్నట్టే. చెప్పించండి, అదీ ఆ పిల్లవాడు వింటుండగా, వాడికి కూడా తెలియాలి. కానీ క్షమాపణ రాయకండి. విన్న తర్వాత స్నేహితుడు ఏం చేస్తాడన్నది మీరు ఇంకా కనుక్కోవాలి. కౌగిలింత కనుక్కున్నది కాదు, అలవాటుగా వచ్చి పడింది.

పెద్దయిన కథకుడు మధ్యమధ్యలో వచ్చి "అప్పుడు నాకు తెలియదు, ఆ క్షణమే మా స్నేహానికి..." అని చెప్పే వాక్యాలు నేను గుర్తుపెట్టినవి చాలా ఉన్నాయి, అన్నీ కొట్టేయండి. ఒక్కచోట ఉంచవచ్చు, ఫ్యాక్టరీ గేటు దగ్గర. అక్కడ పదిహేడేళ్ళవాడు లేడు కాబట్టి పెద్దవాడే ఊహించుకుని చెప్పాలి.

సంభాషణల గురించి కూడా ఒక మాట. మీ పిల్లలిద్దరూ సినిమాల్లో వినే కోస్తా మాట మాట్లాడుతున్నారు. బంగారుపాళెం కుర్రాడు "లేవలేదురా" అనడు, "లెయ్యలా" అంటాడు. "వెళ్తున్నాను" అనడు, "పోతా ఉండా" అంటాడు. ఊళ్ళో కొట్టు యజమాని కొడుకు భాషలో ఆ యాస కొంచెం తగ్గుతుంది, కోపమొస్తే మళ్ళీ తిరిగొస్తుంది. ఈ తేడా పట్టుకుంటే ఇద్దరి ఇళ్ళ మధ్య దూరాన్ని మీరు విడిగా వర్ణించే పని ఉండదు. ముందు వాచీ అధ్యాయం, జాతర అధ్యాయం తిరగరాసి పంపండి. మిగతావి అవి చదివాక మాట్లాడుకుందాం.